మొదటి ప్రయాణికుడు

ఫిబ్రవరి 4

నా పిడుగుకి,

మీ నాన్న గంతులేస్తూ రాస్తున్న ఉత్తరం ఇది. గంతులేస్తూ ఎలా రాస్తారని అడక్కు, రాస్తున్నాను అంతే.

నువ్వు పంపిన కవరు నిన్న పొద్దున అందింది. పోస్ట్‌మాన్ సైకిలెక్కక ముందే చింపి చదివేశాను. చదివి అతన్నే కావలించుకున్నాను. మాంసం కొట్లోంచి అలాగే బయటికి వచ్చాను కదా, నా చొక్కా మీది నెత్తురంతా పాపం అతని చొక్కాకి అంటింది. "ఎవర్ని పొడిచావయ్యా?" అని హడలిపోయాడు. "ఎవర్నీ పొడవలేదు, మా అమ్మాయి నన్ను ఓడెక్కిస్తోంది!" అన్నాను.

తర్వాత షరామామూలే. కొట్లో వరసలో నిలబడ్డవాళ్లందరికీ ఉత్తరం పైకి చదివి వినిపించాను. చిల్లర పుచ్చుకుని వెళ్లాల్సినవాళ్లు కూడా ఆగి విన్నారు. ఓడలో మూడేళ్లు పనిచేసినవాళ్ల ఇంట్లోంచి ఇద్దరికి ఒక గది ఉచితం అనీ, ఖాళీ ఉంటే ఏ తరగతైనా ఎంచుకోవచ్చు అనీ చదవగానే అల్లుడుగారు కత్తి మొద్దులో దింపేసి చప్పట్లు కొట్టారు. కొట్టు ఆయనకి అప్పజెప్పి నాలుగేళ్లయినా పొద్దున్నే వెళ్లి నాలుగు తొడలు కొట్టకపోతే నాకు ఒళ్లు నొప్పులు. అందుకే అక్కడే ఉన్నాను. అమ్మాయికి ఫోన్ చెయ్యవేమయ్యా అని అందరూ అడుగుతారు. ఫోన్లో మాట్లాడితే మళ్లీ చదువుకోవడానికి ఏం మిగులుతుంది, ఉత్తరమే మేలు అంటాను నేను.

సాయంత్రం స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని ఓడ టికెట్ల ఆఫీసుకి వెళ్లాను. అక్కడ కూర్చున్న అమ్మాయికి మహా ఓపిక.

"తాతగారూ, లోపలి కేబిన్‌కి కిటికీ ఉండదు."

"మరి తెల్లారిందని ఎలా తెలుస్తుందమ్మా?"

"గడియారం చూసుకోవాలి."

"ఆమాత్రం దానికి మా కొట్టు వెనక గది చాలు. ఓడెందుకూ?"

తర్వాత కిటికీ కేబిన్. కిటికీ ఉంటుందిట గానీ తెరుచుకోదుట. ఆపైన బాల్కనీ కేబిన్. రెండు కుర్చీలు, ఎదురుగా సముద్రం. అన్నిటికంటే పైన సూట్. అబ్బబ్బ, దాని వైభోగం ఏం చెప్పను! ఎక్కేటప్పుడు వేరే వరస, నిలబడక్కర్లేదు. గదిలో పండ్ల బుట్ట, తిన్నకొద్దీ నింపుతారు. తువ్వాలు గుడ్డతో కుట్టిన పొడుగు కోటు. మిగతా జనం అడుగుపెట్టలేని పై డెక్ తలుపు తెరుచుకునే కార్డు. గంట నొక్కితే మనిషి వస్తారుట, పగలైనా రాత్రైనా. నీ మనసులో ఏది ఉందో రాయి.

అన్నట్టు కొట్లో ఒక వినోదం. మొన్న శనివారం ఒకడు తూకం తక్కువని నోరు పారేసుకున్నాడు. అల్లుడుగారు గల్లా దాటి వచ్చి, వాడి మెడ పట్టి మొహాన్ని మొద్దుకేసి ఒక్కటంటే ఒక్కటి కొట్టారు. రెండు పళ్లు ఊడి కింద రంపపు పొట్టులో పడ్డాయి. వెతుక్కుని వెతుక్కుని, దొరక్క వెళ్లిపోయాడు. నవ్వలేక చచ్చాం. ఆ చెయ్యి చూస్తే నా వయసు నాకు తిరిగొచ్చినట్టుంటుంది.

నాతో వచ్చే రెండో మనిషి ఎవరో ఇప్పుడే చెప్పను. నువ్వు ఆనందంతో మూర్ఛపోవాలి.

నీ నాన్న

⁂

ఫిబ్రవరి 13

నాన్నా,

నీ ఉత్తరం చదివి మా గదిలో నలుగురం నవ్వుకున్నాం. పోస్ట్‌మాన్‌కి ఒక చొక్కా కొనిపెట్టు.

నా మాట విని లోపలి కేబిన్ తీసుకో. కింది డెక్‌లో, ఓడ నడిమధ్యన. కిటికీ లేదని బాధపడకు. ఓడ ఊగేటప్పుడు అన్నిటికంటే తక్కువ ఊగేది ఆ చోటే. సూట్లు పైన, ముందు వైపు ఉంటాయి. గాలి లేస్తే తొట్టెలాగా ఊగుతాయి. వాంతి సంచులు మేం ఎక్కువగా మార్చేది వాటిలోనే. పండ్ల బుట్టలో పైన కనిపించేవి మెరుస్తాయి, కిందవి మెత్తబడి ఉంటాయి. పొడుగు కోటు దిగేటప్పుడు తిరిగి ఇచ్చెయ్యాలి. పగలంతా మీరు ఎలాగూ బయటే తిరుగుతారు. గది పడుకోవడానికేగా.

రెండో మనిషి ఎవరో నాకు తెలియదనుకున్నావా? అత్తయ్యే. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషిని కాక ఎవర్ని తెస్తావు? తన మోకాళ్లకి మెట్లు పడవు. లిఫ్టు పక్క గది కావాలని అడుగు.

సూట్ మాత్రం వద్దు. నేను పనిచేసే డెక్ అదే. నువ్వు ఆ డెక్ మీదికి రావద్దు.

ఇంకొకటి. నా ఉత్తరాలు కొట్లో చదవకు నాన్నా. ఓడ పేరు, నా డెక్, ఏ రేవుకి ఎప్పుడు వస్తానన్నది అక్కడ అనకు. ఎందుకని అడక్కు. ఆ పళ్ల కథలాంటివి కూడా నాకు రాయకు. నాకు నవ్వు రాలేదు.

నీ పిడుగు

⁂

ఫిబ్రవరి 20

నా పిడుగుకి,

నీ ఉత్తరం చదివి ఒక పూటంతా అన్నం ముట్టలేదు. దాచడం దేనికి, మనసు చివుక్కుమంది. "నువ్వు ఆ డెక్ మీదికి రావద్దు" అన్నావు. నీతో పనిచేసేవాళ్లు, ఆ పెద్దపెద్దవాళ్లు, నన్ను చూసి ముక్కు మూసుకుంటారనేగా? నలభై ఏళ్లు మాంసం కొట్టిన చెయ్యి, ఎంత రుద్దినా గోళ్ల సందుల్లో ఎరుపు పోదు, నిజమే. కానీ ఆ చేత్తోనే నీకు జడలు వేశానే!

తర్వాత చెంబెడు నీళ్లు తాగాను, కోపం దిగిపోయింది. నా పిడుగు మీద నాకు కోపమేమిటి? నాకు గొప్ప ఊహ తట్టింది. నేను కిందెక్కడో ఉంటే కదా నీకు చిన్నతనం. సూట్‌లోనే దిగితే? తెల్లకోటు వేసుకుని దొరబాబులా కూర్చుంటే? అందుకే సూట్ తీసుకున్నాం! అయిపోయింది, ముద్ర కూడా వేశారు!

తీసుకున్నాం అన్నాను చూశావా. రెండో మనిషి అత్తయ్య కాదమ్మా. కాస్త ఎక్కడైనా పట్టుకుని నిలబడు. మన అల్లుడుగారు!

ఎలా జరిగిందో చెబుతాను. నీ మొదటి ఉత్తరం చదివిన రోజు కొట్టు మూశాక ఆయన నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చారు. అంత మనిషి, వెక్కి వెక్కి. "మూడేళ్లయింది మామగారూ, తన మొహం చూసి. నావల్ల ఏదో పొరపాటు జరిగింది. ఒక్కసారి ఎదురుగా కూర్చుని మాట్లాడితే అన్నీ సర్దుకుంటాయి" అన్నారు. మొగుడూ పెళ్లాల మధ్య ఏదో అలకలే అనుకున్నాను గానీ, మగవాడు అంత కుమిలిపోతున్నాడని నాకు తెలియదు. నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరం కలిసి టికెట్ల ఆఫీసుకి వెళ్లాం.

ఫారంలో రెండు గళ్లున్నాయి. మొదటి ప్రయాణికుడు, రెండో ప్రయాణికుడు. టికెట్ల అమ్మాయి అంది:

"తాతగారూ, మొదటి గడిలో ఎవరి పేరుంటే గది వాళ్లది. మార్చాలన్నా, రద్దు చెయ్యాలన్నా వాళ్లే సంతకం పెట్టాలి. మీ అమ్మాయి సౌకర్యం కనక మీ పేరు రాయనా?"

"భలేదానివమ్మా! అల్లుడి పేరు కింద రాసి, మామ పేరు పైన రాసుకుంటాడా? పదిమంది వింటే నా మొహాన ఉమ్మెయ్యరూ? పైన ఆయనది రాయి."

ఆయన వద్దు వద్దంటూనే ఉన్నారు. నేనే పెన్ను ఆయన చేతిలో పెట్టాను.

సూట్ వాళ్లు తమకి కావాల్సిన అటెండెంట్‌ని పేరు చెప్పి అడగవచ్చుట. ఆ ఊహ అల్లుడుగారిదే. నీ పేరు చెప్పారు. ఇంక చూసుకో, ఆయన గంట నొక్కితే నువ్వు పరుగెత్తుకు రావాలి! నేను ఒకటే నవ్వు.

మార్చి 28న ఎక్కుతాం. రోజులు లెక్కపెడుతున్నాను.

దొరబాబు నాన్న

⁂

ఫిబ్రవరి 28

పిడుగా,

నీ నుంచి జవాబు లేదు. ఓడ సముద్రం మధ్యలో ఉండి ఉంటుంది. అయినా రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

నాకు కొత్త బూట్లు వచ్చాయి. ఇంట్లో తొడుక్కుని తిరుగుతున్నాను. అత్తయ్య చూసి, "గుర్రానికి నాడాలు కొట్టించినట్టుంది" అంది. తనని తీసుకెళ్లడం లేదని దానికి కోపం వస్తుందేమోనని భయపడ్డాను. కోపం రాలేదు. అల్లుడుగారు వస్తున్నారని చెప్పగానే మాత్రం చేతిలో గిన్నె కింద పెట్టేసి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. వయసు మీద పడింది, దానికి అన్నీ వింతలే.

అల్లుడుగారి ఉత్సాహం చూస్తే నీకు ముచ్చటేస్తుంది. ఓడ పటం తెచ్చి కొట్లో మొద్దుకి ఎదురుగా గోడకి అంటించారు. మాంసం కొడుతూ కొడుతూ దాన్నే చూస్తుంటారు. మెట్లు ఎక్కడ, లిఫ్టు ఎక్కడ, పనివాళ్ల దారి ఎక్కడ, అన్నీ నోటికి వచ్చేశాయి. నువ్వుండే డెక్ చుట్టూ ఎర్రపెన్సిల్‌తో సున్నా చుట్టారు. నిన్న ఒకావిడ, "ఏమయ్యా, పెళ్లాం మీద అంత బెంగా?" అని వేళాకోళం చేస్తే, "మూడేళ్ల బాకీ అండీ, మొత్తం ఒకేసారి తీర్చుకోవాలి" అన్నారు. వరసంతా ఘొల్లుమంది.

మనిషిలో ఏకాగ్రత కూడా పెరిగింది. నిన్న ఒక ఎద్దు తల ఒకే వేటుకి రెండు చెక్కలు చేశారు. నా జన్మలో నేను చెయ్యలేకపోయాను.

నీకు ఏం తేవాలో రాయి.

నాన్న

⁂

మార్చి 5

నాన్నా,

రెండు ఉత్తరాలూ ఈ రేవులో ఒకేసారి అందాయి. ఇది నువ్వొక్కడివే చదువు. మధ్యలో ఆపకు.

అతను నన్ను కొట్టేవాడు. పెళ్లయిన రెండో నెల నుంచి, ఓడెక్కిన రోజు దాకా.

నా ఎడమ చెయ్యి మెట్ల మీద పడి విరగలేదు. కత్తులు నూరే ఇనపకడ్డీతో కొట్టాడు. తలకి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. నువ్వే ఆసుపత్రికి తీసుకెళ్లావు. దారి పొడుగునా "చూసుకుని దిగాలి కదమ్మా" అంటూనే ఉన్నావు.

నేను జుట్టు కత్తిరించుకోలేదు. జడ పట్టుకుని నా తల మొద్దు మీద పెట్టి పెద్దకత్తి దింపాడు. చెవికి రెండు వేళ్ల దూరం. జడ మొద్దు మీద ఉండిపోయింది, నేను లేచాను. మర్నాడు నన్ను చూసి, "పొట్టి జుట్టు బాగుందే" అన్నావు.

ఒకరోజు చల్లగదిలో పెట్టి బయట గడియ వేశాడు. కొక్కేలకి వేలాడేవాటి మధ్య నిలబడి తలుపు బాదాను. నువ్వు ముందు కొట్లో ఉన్నావు. ఎవరితోనో నవ్వుతున్నావు. "లోపల ఫ్యాను ఏదో చప్పుడు చేస్తోంది, బాగుచేయించాలి" అన్నావు. నీ గొంతు నాకు వినిపించింది. తర్వాత నేను బాదడం మానేశాను. వేళ్లు వంగడం మానేశాయి.

నాకెందుకు చెప్పలేదు అంటావు. చెప్పాను. ఒక్కసారి. పెరట్లో నువ్వు కత్తులు కడుగుతుంటే చెప్పాను. నువ్వు నవ్వావు. "మీ అమ్మకి నేను రెండు మూడు తగిలించలేదా? కాపురం ఆగిపోయిందా?" అన్నావు. ఆ తర్వాత నీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కొట్టు ఫోన్‌కి చెయ్యను. అది తీసేది అతనే.

ఇప్పుడు సూట్ సంగతి విను. గంట మోగితే రెండు నిమిషాల్లో నేను వెళ్లి నిలబడాలి. లోపలికి వెళ్లగానే తలుపు దానంతటదే మూసుకుంటుంది. గోడలు మందం, పక్క గదికి ఏమీ వినపడదు. డబ్బున్నవాళ్ల నిద్ర చెడకూడదని అలా కట్టారు. బాల్కనీ కింద ఇంకే డెక్ లేదు, నేరుగా నీళ్లే.

మా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి అన్నీ చెప్పాను. మంచావిడ. "మొదటి ప్రయాణికుడు తనంతట తను రద్దు చేసుకోవాలి. లేదా అతని మీద పోలీసు కాగితం ఏదైనా ఉండాలి. టికెట్టున్న మనిషిని ఉత్త మాట మీద ఆపలేను" అంది. నన్ను కొడుతుండగా చూసినవాళ్లు ఉన్నారా అని అడిగింది. ఎవరూ లేరు.

28న అతను ఎక్కితే నేను అదే రేవులో దిగిపోతాను. ఏ ఓడకి వెళతానో ఎవరికీ చెప్పను. నీక్కూడా రాయను. రాస్తే నువ్వు సంతోషంలో పదిమందికి చదివి వినిపిస్తావు.

నీ కూతురు

⁂

మార్చి 16

పిడుగా! పిడుగా! విరిగింది!

కుడిచెయ్యి విరిగింది, మోచేతికీ మణికట్టుకీ నట్టనడుమ! డొక్కలో రెండు ఎముకలు, కళ్లజోడు, కింది పెదవి అదనం! ఎడమచేత్తో రాస్తున్నాను కనక అక్షరాలు తాగి నడిచినట్టుంటాయి. ఓపిగ్గా చదువు. అతను ఓడ ఎక్కడు. విన్నావా? అతను ఎక్కడు!

వరసగా చెప్పనీ.

నీ ఉత్తరం పోస్టాఫీసు ఎదుట బెంచీ మీద చదివాను. నేను నలభై ఏళ్లు ఎముకలు కొట్టినవాణ్ణి. జారిపడిన పశువుకి ఏ ఎముక పోతుందో, దెబ్బ తిన్నదానికి ఏది పోతుందో చీకట్లో తడిమి చెప్పగలను. పడితే మణికట్టు పోతుంది. అడ్డం పెట్టుకుంటేనే నడుమన పోతుంది. ఆ రోజు డాక్టరు నీ చేతి ఫొటో దీపానికి ఎదురుగా పట్టి చూపించాడు. నట్టనడుమ గీత. నేను చూశాను. చూసి, "మెట్ల మీద పడిందండీ" అని నీకంటే ముందు నేనే చెప్పాను.

బుధవారం కొట్టుకి వెళ్లాను. ఏమీ తెలియనట్టు అడిగాను.

"బాబూ, నాకు ఒంట్లో నలతగా ఉంది. ప్రయాణం మానేద్దాం. ఈ కాగితం మీద చిన్న సంతకం పెట్టండి."

"ఉత్తరం వచ్చిందా మామగారూ?"

"లేదు, నడుం నొప్పి."

"అయితే మీరు రాకండి. విశ్రాంతి తీసుకోండి. మొదటి పేరు నాదే కదా, నేను వెళ్లి చూసొస్తాను." నవ్వాడు. నవ్వుతూనే కాగితం నాలుగు మడతలు పెట్టి, దాంతో కత్తికి అంటిన కొవ్వు తుడిచాడు.

ఆ క్షణాన పెద్దకత్తి నా చేతికి జానెడు దూరంలో ఉంది. వాడు వంగి ఉన్నాడు, మెడ కనిపిస్తోంది. ఎక్కడ వేస్తే ఎంతసేపు తన్నుకుంటుందో నాకు తెలుసు. చెయ్యి వెళ్లింది కూడా, అబద్ధం చెప్పను. అప్పుడు మీ సూపర్‌వైజర్ మాట గుర్తొచ్చింది. వాడు చస్తే, ముసలాడికి పిచ్చెక్కి అల్లుణ్ణి నరికాడంటారు. నీకు జరిగింది ఎవరికీ తెలియదు. ఆవిడ అడిగింది చూసినవాళ్లని, ఒక కాగితాన్ని. అవి సంపాదిస్తే చాలు కదా!

శనివారం పొద్దున పదింటికి వెళ్లాను. నీకు తెలుసుగా, వరస వీధి మలుపు దాకా ఉంటుంది. పీట వేసుకుని ఎక్కి, జేబులోంచి ఉత్తరం తీశాను. "ఓడ ఉత్తరమే! ఉష్, ఉండండి!" అని మొదట నిలబడ్డ లావుపాటావిడ అందర్నీ నోరు మూయించింది. పాపం, నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు.

గట్టిగా చదివాను. చెయ్యి విరగడం చదివాను. జడ చదివాను. వాడు మొద్దు దగ్గర్నుంచి, "మామగారూ, దిగండి" అన్నాడు. మెల్లిగానే అన్నాడు. చల్లగది చదివాను. "ముసలోడా, దిగు" అన్నాడు. మీ అమ్మ సంగతి వచ్చింది. దాటేద్దామనుకున్నాను. దాటలేదు. అదీ చదివాను.

గల్లా దాటి వచ్చాడు. చేతిలో అదే ఇనపకడ్డీ. మొదటి దెబ్బ డొక్కలో. పీట మీంచి పడ్డాను, కాగితం వదల్లేదు. "చదువు, ఇంకా చదువు" అంటూ మొహాన తన్నాడు. కళ్లజోడు పోయింది. అప్పటికి నాకు కంఠతా వచ్చేసింది కనక ఆపలేదు. తలకి గురిపెట్టి కడ్డీ ఎత్తాడు. నా చెయ్యి దానంతటదే లేచింది. ఎవరూ నేర్పక్కర్లేదు, దానంతటదే లేస్తుందమ్మా. చప్పుడు నాకు వినిపించింది. ఎండు కట్టె విరిచినట్టు.

నేను తిరిగి ఒక్క దెబ్బ వెయ్యలేదు. వేస్తే కొట్లాట అంటారు.

అప్పుడు ఆ లావుపాటావిడ చేతిసంచిలో అప్పుడే తూయించుకున్న మోకాలెముకలున్నాయి. సంచి తిప్పి వాడి చెవి మీద వేసింది. ఇంకో నలుగురు మీదపడి, కడ్డీ లాక్కుని, వాణ్ణి బోర్లా పడేసి వీపు మీద కూర్చున్నారు. పోలీసులు వచ్చేదాకా ఒకడు వాడి తల మీదే కూర్చున్నాడు. ముప్పై ఒక్కమంది సాక్షి సంతకాలు పెట్టారు! ముప్పై ఒకటి! వరసలో లేనివాళ్లు కూడా పెడతామని వచ్చారు, ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోలేదు.

ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు, "మెట్ల మీద పడ్డారా?" అని. "కాదండీ, అడ్డం పెట్టుకున్నాను" అన్నాను. ఆ మాట నువ్వు అనాల్సింది. పక్కన నేనుండి అననివ్వలేదు.

కట్టు కట్టించుకుని, పోలీసు కాగితం పట్టుకుని తిన్నగా టికెట్ల ఆఫీసుకి. ఆ అమ్మాయి నన్ను చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది. కాగితం చదివి, ఎక్కడికో ఫోన్ చేసి, వాడి పేరు మీద ఎర్రముద్ర వేసింది. ఈ కంపెనీ ఓడ దేనిమీదా వాడు కాలు పెట్టకూడదుట. మొదటి ప్రయాణికుడు పోతే రెండోవాడి పేరు కూడా పోతుందిట. పోనీ! సూట్ పోయింది, పండ్ల బుట్ట పోయింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడుస్తూ నవ్వాను. నవ్వితే డొక్క చంపేస్తోంది, అయినా ఆగలేదు.

28 దాటేదాకా వాడు లోపలే ఉంటాడని ఇన్‌స్పెక్టర్ మాట ఇచ్చాడు. నువ్వు దిగకు తల్లీ. ఓడ మారకు. ఒక్క ముక్క రాయి.

నీ నాన్న

⁂

మార్చి 29

నాన్నా,

నిన్న పొద్దున ఎక్కేవాళ్ల జాబితా నా చేతికిచ్చారు. ఐదుసార్లు చదివాను. అయినా నా సామాను కట్టుకుని, పనివాళ్ల మెట్ల దగ్గర నిలబడి, ఎక్కిన ప్రతి మొహం చూశాను. తాడు విప్పేశాక మళ్లీ పైకి వచ్చాను. ఓడ మారలేదు.

నువ్వు తీసుకున్న సూట్‌లో ఎవరూ దిగలేదు. అయినా పక్క వెయ్యాలి, రూలు. వేసి, తలుపు తెరిచి పెట్టి, కాసేపు బాల్కనీలో నిలబడ్డాను.

నీ చెయ్యి ఎలా ఉంది? గోరువెచ్చని నీళ్లలో వేళ్లు ఆడించు. కట్టు విప్పాక నొప్పెడుతుందని మానకు, మానితే బిగుసుకుపోతాయి.

ఇప్పుడు కోపంతో రాస్తున్నాను, కోపంగానే చదువు. నువ్వొక్కడివే చదవమన్నాను. నువ్వు పీట వేసుకుని బజారుకి చదివావు. నా జడ, నా చెయ్యి, నేను తలుపు బాదింది, అన్నీ మాంసానికి వచ్చినవాళ్లు విన్నారు. ఆ మాటలు నేను మూడేళ్లు నోట్లో పెట్టుకుని ఒక్క మనిషి కోసం రాశాను. నువ్వు దెబ్బలు తిన్నావు. నాకోసమే తిన్నావు. నాకు తెలుసు. తలుచుకుంటే నాకు అన్నం దిగదు. అయినా అవి నా మాటలు. నన్ను ఒక్కసారి అడిగి ఉండాల్సింది. అడగడానికి వ్యవధి లేదంటావు, అదీ నిజమే. రెండూ నిజమే, ఏం చెయ్యను?

ఇంకో సంగతి. ఉత్తరంలో నేను రాసింది పావు వంతు కూడా కాదు.

ఏప్రిల్ 11న ఓడ మళ్లీ మీ రేవుకి వస్తుంది. ఎనిమిది గంటలు ఆగుతుంది. నేను దిగుతాను. మొదట పోలీసులకి చెబుతాను, తర్వాత నీకు చెబుతాను. మొదటి నుంచి, వరసగా. నువ్వు మధ్యలో నవ్వకూడదు. ఏడవకూడదు. "అయ్యో తల్లీ" అనకూడదు. నీ చెయ్యి విరిగిన కథ చెప్పకూడదు. విన్నది ఇంకొకరికి చెప్పకూడదు. నీ వల్ల కాదనుకుంటే రావద్దు, నేనేమీ అనుకోను.

పిడుగు

⁂

ఏప్రిల్ 4

పిడుగుకి,

వస్తాను.

ఈ ఉత్తరం నాలుగుసార్లు పొడుగ్గా రాసి చింపేశాను.

అత్తయ్యని కూడా తీసుకొస్తున్నాను. మీ అమ్మ ఏమేం పడిందో తనకి తెలుసు. నీది పూర్తయ్యాక, తన చేత అదీ చెప్పించుకుంటాను. ఎనిమిది గంటలూ నోరెత్తను.

నాన్న